గోడకి అవతలి మేకు

మా అమ్మ దొంగ అని లాండ్రీలో ఒక కాగితం గోడకి అంటించారు. కాగితం మీద దొంగ అనే మాట ఎక్కడా లేదు. ఒక తేదీ, వరసగా టైములు, "స్టోరు తలుపు" అని, పక్కన ఒక కార్డు నంబరు. ఆ నంబరు కింద ఎర్ర పెన్నుతో గీతలు. ఒక్క రోజులో నలభై మూడు గీతలు. ఆ నంబరు ఎవరిదో అక్కడ పనిచేసే ఆడవాళ్ళందరికీ తెలుసు. నాకు ఇంకా బాగా తెలుసు. దాన్ని పుస్తకంలో నా చేత్తో ఎక్కించింది నేనే.

మొదటి నుంచీ చెబుతాను. అలా చెప్పుకుంటే తప్ప నా కోపం ఎవరి మీదో నాకే తేలడం లేదు.

మా మామయ్య, అంటే అమ్మకి తమ్ముడు, తలుపులకి కార్డు రీడర్లు బిగిస్తాడు. తాళంచెవి అక్కర్లేని తలుపులు అవి. గోడకి ఒక డబ్బా ఉంటుంది. దాని దగ్గరికి కార్డు తీసుకెళ్తే నంబరు చదువుతుంది. కంప్యూటర్లో ఆ నంబరుకి అనుమతి ఉంటే తలుపుని పట్టుకున్న అయస్కాంతం ఐదు సెకన్లు వదిలేస్తుంది. ఎవరి కార్డు ఎన్నింటికి చదివిందో కంప్యూటర్ రాసిపెట్టుకుంటుంది. అమ్మ పనిచేసే లాండ్రీలో ఈ పని మామయ్యకి ఇప్పించింది అమ్మే. "మా తమ్ముడు చేస్తే మళ్ళీ చూసుకోనక్కర్లేదు సార్" అని మేనేజరుతో చెప్పిందట.

బడికి సెలవులు కాబట్టి మామయ్య నన్నూ వెంటబెట్టుకెళ్ళాడు. నా అంకెలు అచ్చు వేసినట్టు ఉంటాయి. కార్డు మీదున్న పదంకెల నంబరు, ఎదురుగా మనిషి పేరు, తప్పు లేకుండా రాస్తాను. నోరు మాత్రం లేవదు. మా ఊరి బడిలో హాజరు పలికితే నా గొంతు ముందు బెంచీ దాటదు. అందుకే మామయ్య నాకు గుసగుస అని పేరు పెట్టాడు.

మేనేజరు బల్ల మీద మామయ్య రెండు రీడర్లు పెట్టాడు. ఒకటి సబ్బుబిళ్ళంత, రెండోది పలకంత.

"దుప్పట్ల స్టోరుకి చిన్నది మంచిది సార్. రెండు వేళ్ళ దూరంలోకి వస్తేనే చదువుతుంది."

"మరి పెద్దది?"

"జానెడు దూరం నుంచే లాక్కుంటుంది. చేతుల్లో మూటలు ఉన్నవాళ్ళకి పనికొస్తుంది."

"నా చేతులు ఎప్పుడు ఖాళీగా ఉన్నాయయ్యా?" అన్నాడు మేనేజరు. అప్పుడు ఆయన చేతిలో ఫోను తప్ప ఏమీ లేదు. "జేబులోంచి తీయకుండా, అలా పక్కన నిలబడితే తెరుచుకోవాలి. పెద్దదే పెట్టు."

మామయ్య తన కార్డుని పర్సులో పెట్టి చూపించాడు, చదివింది. పుస్తకంలో పెట్టి చూపించాడు, చదివింది. కిటికీ దగ్గర పడున్న చెక్కముక్క అడ్డం పెట్టి చూపించాడు, అప్పుడూ చదివింది. "గుడ్డ, కాగితం, చెక్క, ఇవన్నీ దీనికి అద్దంలాంటివి సార్. ఇనుము ఒక్కటే దీనికి గోడ."

"అయితే నా పొట్ట అడ్డమొచ్చినా భయం లేదన్నమాట" అని మేనేజరు తనే నవ్వుకున్నాడు. "ఇంకోటి, ఆ కూత తీసెయ్. చదివినప్పుడల్లా కీచుమంటుంటే నా తల పగిలిపోతుంది."

"కూత ఉంటేనే కదా సార్ తలుపు తెరుచుకుందని తెలిసేది."

"నాకు తెలియక్కర్లేదు. తలుపుకి తెలిస్తే చాలు."

మామయ్య కూత తీసేశాడు. ఆయన సంగతే అంత. ఇంట్లో మా మీద ఎగిరిపడతాడు, కుర్చీలో కూర్చున్నవాళ్ళ ముందు మాత్రం నీళ్ళు నములుతాడు.

స్టోరు తలుపుకి కుడి పక్క ఇటుక గోడ, దాని నిండా ఆవిరి గొట్టాలు. ఎడమ పక్క ప్లైవుడ్ అడ్డగోడ. ప్లైవుడ్‌కి బిగించడం తేలిక. దాని వెనక ఆడవాళ్ళ గది. అందులోనే బట్టలు మార్చుకుంటారు, అన్నాలు తింటారు. మామయ్యకి ఒక పద్ధతి ఉంది. గోడకి చిల్లు పెట్టేముందు గోడ వెనక్కి వెళ్ళి చూడాలి. వెనక వైరు ఉండొచ్చు, నీళ్ళ గొట్టం ఉండొచ్చు. ఇన్నేళ్ళలో ఆయన ఆ పద్ధతి ఎప్పుడూ తప్పలేదు. ఆ రోజు ఆడవాళ్ళ గదిలోకి తను వెళ్ళకూడదు కాబట్టి నన్ను పంపాడు.

"వెళ్ళి చూసిరా గుసగుసా. వైరైనా, స్విచ్చయినా, అల్మారా అయినా, ఏది కనిపించినా వచ్చి చెప్పు."

వెళ్ళాను. తలుపు ఓరగా ఉంది. లోపల నవ్వులు. నేను చెయ్యి పెట్టగానే తలుపు కిర్రుమంది. "ఎవరే అది? బట్టలు మార్చుకుంటున్నాం, తలుపు వెయ్!" అని ఎవరో కసిరారు. నా కాళ్ళు అక్కడే అతుక్కుపోయాయి. "మామయ్య గోడ చూసి రమ్మన్నాడు" అంటే సరిపోయేది. నాలుగు మాటలు. ఆ నాలుగు మాటలు నా గొంతులోంచి రాలేదు. గుమ్మం బయట నిలబడి ఇరవై దాకా లెక్కపెట్టి వెనక్కి వచ్చేశాను.

"ఏముంది?"

"ఏమీ లేదు మామయ్యా."

డ్రిల్లు తిరిగింది. చెక్కపొట్టు నా చెప్పుల మీద పడింది.

అక్కడ ఏముందో నాకు తర్వాత తెలిసింది. పన్నెండు మేకుల వరస. రీడర్లు రాకముందు ఒకసారి, ఇస్త్రీ పెద్దమ్మ అని అందరూ పిలిచే ఆవిడ మెడలోని పేరు కార్డు తాడు దుప్పట్లు చదును చేసే రోలరులో చిక్కుకుని ఆమె ప్రాణం మీదికొచ్చిందట. అప్పటి నుంచి ఎవరూ పనిలో కార్డు మెడలో వేసుకోకూడదు. పొద్దున్నే బయటి తలుపు దగ్గర చూపించి, లోపలికి రాగానే మేకుకి తగిలించి పనిలోకి దిగాలి. చివరి మేకు అమ్మది. మామయ్య బిగించిన పలకంత రీడరుకి సరిగ్గా వీపు వెనక.

అమ్మ కార్డుకి స్టోరు అనుమతి కూడా ఉంది. ఉతికిన దుప్పట్లు లెక్క చూసి రోజుకి రెండుసార్లు లోపల పెట్టేది అమ్మే. ఆ అనుమతి ఇచ్చినప్పుడు అమ్మ ఇంటికొచ్చి, "నలుగురికే ఇచ్చారే, అందులో నేనొకదాన్ని" అని రెండుసార్లు చెప్పింది.

మూడు వారాలకి స్టోరులో ఆరు దుప్పట్ల మూటలు మాయమయ్యాయి. మేనేజరు కంప్యూటర్లోంచి ఆ కాగితం తీసి గోడకి అంటించాడు.

ఆ సాయంత్రం అమ్మ చెప్పులు కూడా విప్పకుండా మంచం మీద కూర్చుంది.

"రోజుకి రెండుసార్లు వెళ్ళేదాన్ని కదా సార్, నలభై మూడుసార్లు ఎందుకెళ్తాను అన్నాను. నలభై మూడుసార్లు వెళ్ళావంటే ఎంత మోసి ఉంటావో అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"నేను రోలరు దగ్గరున్నాను, ఇస్త్రీ పెద్దమ్మనడగండి అన్నాను. కంప్యూటర్ అబద్ధం చెప్తుందా అన్నాడు. నేను చెప్తానా సార్ అన్నాను. నవ్వాడు. రేపొచ్చి కార్డు, ఏప్రను ఇచ్చేసి సంతకం పెట్టి పొమ్మన్నాడు."

సంచిలోంచి మడతపెట్టిన కాగితం తీసి నా ముందు పడేసింది. "ఒక కాపీ నాకూ ఇచ్చాడు. ఇంట్లో పెట్టుకుని చూసుకోమన్నాడు."

చూశాను. తొమ్మిదీ నాలుగు. తొమ్మిదీ నాలుగు. తొమ్మిదీ నాలుగు. తొమ్మిదీ అయిదు. తర్వాత పదకొండుకి ఒకటి. మళ్ళీ ఒంటిగంటన్నర నుంచి రెండు దాకా గుంపుగా.

"అమ్మా, ఒక్క నిమిషంలో మూడుసార్లు ఆ తలుపు..."

"నువ్వు కూడానా?" అంది అమ్మ.

"కాదమ్మా. తొమ్మిదీ నాలుక్కి నీ కార్డు ఎక్కడుంది?"

"ఇంకెక్కడుంటుంది, మేకుకి."

"ఏ మేకుకి?"

"మా గదిలో మేకులుంటాయి కదే, గోడకి వరసగా. నాది చివరిది, ఫ్యాను పక్కన. రాగానే కాసేపు ఫ్యాను వేసుకుంటాం, మళ్ళీ అన్నాల దగ్గర. నా కార్డు ఆ గాలికి టపటపా కొట్టుకుంటూనే ఉంటుంది."

"ఏ గోడకి?"

"స్టోరు వైపు చెక్క గోడకి. ఎందుకే?"

మామయ్య చెప్పిన పాఠం చెవిలో మోగింది. కార్డు కదలకుండా దగ్గరే ఉంటే రీడరు ఒక్కసారే చదువుతుంది. దూరం జరిగి మళ్ళీ వస్తే మళ్ళీ చదువుతుంది. అమ్మ కార్డు ఊగుతోంది, చెక్క అవతలి రీడరు చదువుతోంది, తలుపు తెరుచుకుంటోంది. వాషింగ్ మెషిన్ల హోరులో, కూత కూడా లేకుండా. దారినపోయే ఎవరైనా ఒక్క లాగు లాగి లోపలికి వెళ్ళొచ్చు. ఏమీ లేదు మామయ్యా అన్నాను నేను.

అమ్మకి చెప్పలేదు. చెప్పాలంటే ముందు ఆ మాట చెప్పాలి. లేచి మామయ్య ఇంటికి పరిగెత్తాను. రెండిళ్ళ అవతలే.

మామయ్య గడప మీద కూర్చుని డ్రిల్లు పుల్లలకి నూనె రాస్తున్నాడు. అంతా చెప్పాను. ఆయన చేతిలో గుడ్డ ఆగిపోయింది.

"మేకులు రీడరు వెనకేనా?"

"వెనకే."

"ఏమీ లేదన్నావు కదే."

"నేను లోపలికి వెళ్ళలేదు మామయ్యా."

తిడతాడనుకున్నాను. తిట్టలేదు. వీధి వైపు చూసి గొంతు తగ్గించాడు. "సరే. రేపు నన్నూ రమ్మన్నాడు, అక్క కార్డు కంప్యూటర్లోంచి తీసెయ్యమని. తీసేశాక వైరు లూజుగా ఉందని చెప్పి రీడర్ని ఇటుక గోడకి మార్చేస్తాను. ఇక ఎవరికీ ఈ బాధ ఉండదు."

"మరి అమ్మకి?"

"అక్కకి ఇంకోచోట పని చూస్తాను. నాకు తెలిసినవాళ్ళు లేరా ఏంటి?"

"దొంగ అన్నారు మామయ్యా."

"నాలుగు రోజులు పోతే ఎవరికి గుర్తుంటుంది?"

"నాకుంటుంది."

"అరవకు."

అరవకు అని నన్ను అన్న మొదటి మనిషి ఆయనే. ఇంకో రోజైతే నవ్వొచ్చేదేమో.

"వాళ్ళకి ఇంకా మూడు లాండ్రీలున్నాయి. ఆ తలుపులన్నీ నాకే ఇస్తానన్నాడు. ఇది మన తప్పని తెలిస్తే నన్ను ఏ తలుపు దగ్గరికీ రానివ్వడు. పోనీ నీ తప్పని చెప్పమంటావా? అంతమందిలో నిలబడి చెప్తావా నువ్వు?" అని నా మొహంలోకి చూశాడు. నేను తల దించుకున్నాను. దించుకుంటానని ఆయనకి తెలుసు. అందుకే అడిగాడు.

ఇంటికొచ్చి నా డైరీలో రీడర్లు బిగించిన రోజు పేజీ తిప్పాను. "ఈ రోజు మామయ్యతో చిన్న అబద్ధం చెప్పాను" అని రాసుంది. చిన్న అనే మాట మీద పెన్ను పెట్టి రుద్దాను. కాగితం చిరిగింది, కింద పేజీ కూడా చిరిగింది.

పొద్దున్న అమ్మ వెంట బయల్దేరాను. "నువ్వెందుకే, ఈ సంబడం చూడ్డానికా?" అంది అమ్మ. బస్సులో మూడుసార్లు నోరు తెరిచాను. మూడుసార్లూ కిటికీ వైపు తిరిగాను. అమ్మ ఒళ్ళో ఏప్రను మడత నలగకుండా పట్టుకుని కూర్చుంది. దొంగ అన్నవాళ్ళకి ఇచ్చే ఏప్రనుని ఉతికి ఇస్త్రీ చేసి తెచ్చింది. నాకు ఏడుపు రాలేదు. పళ్ళు నూరుకున్నాను.

మేనేజరు గదిలో మామయ్య అప్పటికే కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నాడు. మా వైపు చూడలేదు. గది తలుపు తీసే ఉంది. ఎదురుగా స్టోరు తలుపు, పక్కన ఆ కాగితం, అవతల రోలరు దగ్గర ఆడవాళ్ళు పని నెమ్మది చేసి ఇటే చూస్తున్నారు.

అమ్మ కార్డు, ఏప్రను బల్ల మీద పెట్టింది.

"ఇక్కడ సంతకం పెట్టు" అన్నాడు మేనేజరు. "పోలీసుల దాకా పోలేదు, అది మా మంచితనం అనుకో."

"ఇందులో ఏం రాశారు సార్?"

"సొంత కారణాల వల్ల మానేస్తున్నానని."

"నాకు సొంత కారణాలేమీ లేవు సార్."

"మాటలు బాగా నేర్చావు. ఏమయ్యా, ఆవిడ కార్డు తీసెయ్."

మామయ్య చెయ్యి మౌసు మీదికి వెళ్ళింది. తెర మీద అమ్మ పేరు, పక్కన నేను రాసిచ్చిన నంబరు. అది ఒక్కసారి చెరిగిపోతే ఆ మేకుకి అమ్మ కార్డు ఎన్నిసార్లు తగిలించినా తలుపు కదలదు. మా మాట ఇక ఎవరూ నమ్మరు. మామయ్యకి అది తెలుసు. తెలిసీ వేలు వంచుతున్నాడు.

"తియ్యకు!"

ఎవరు అరిచారా అని మేనేజరు గుమ్మం వైపు చూశాడు. నేనూ ఒక క్షణం అలాగే అనుకున్నాను.

"తియ్యకు మామయ్యా. ఆ చెయ్యి తీసెయ్ దాని మీద నుంచి."

"చిన్నపిల్ల సార్, ఏదో..." అని మామయ్య లేవబోయాడు. అమ్మ ఆయన్నీ నన్నూ మార్చి మార్చి చూసింది. "మాట్లాడనియ్యరా" అంది.

నేను బల్ల మీద నుంచి అమ్మ కార్డు తీసుకున్నాను. "సార్, మీ జేబులో కార్డు ఇక్కడ పెట్టండి. వెళ్ళి స్టోరు తలుపు పిడి పట్టుకుని లాగుతూ ఉండండి."

"ఎందుకు? ఏమిటీ ఆటలు?"

"మీ కంప్యూటర్ అబద్ధం చెప్పదన్నారు కదా. అది ఏం చెప్తుందో చూద్దురుగాని."

ఆయన కదలలేదు. అప్పటికి ఇస్త్రీ పెద్దమ్మ గుమ్మంలోకి వచ్చేసింది. "పట్టుకోండి సార్, తలుపే కదా, కరుస్తుందా?" అంది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. మేనేజరు మొహం మాడ్చుకుని కార్డు బల్ల మీద పడేసి, వెళ్ళి పిడి పట్టుకుని లాగాడు. తలుపు రాలేదు.

నేను ఆడవాళ్ళ గదికి వెళ్ళాను. ఆ గుమ్మం ముందు నా కాళ్ళు మళ్ళీ ఆగాయి. ఈసారి వాటి మీదే కోపం వచ్చింది. తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాను. మేకుల వరస నా ఎదురుగా ఉంది. పన్నెండు మేకులు, గుడ్డివాళ్ళకైనా చేతికి తగిలేట్టు. చివరి మేకుకి అమ్మ కార్డు తగిలించి ఫ్యాను వేశాను.

గోడ అవతల "ఓయ్!" అని కేక, వెనకే ఏదో కూలిన చప్పుడు. తిరిగి వచ్చి చూస్తే స్టోరు తలుపు బార్లా తెరుచుకుని ఉంది. మేనేజరు లాగిన ఊపుకి వెనక్కి పడి తడిబట్టల తోపుడుబండిలో కూర్చుని ఉన్నాడు. ఎవరూ లేవదీయలేదు. ఆయనే లేచి తలుపు మూశాడు. కటక్‌మని పట్టుకుంది, వెంటనే వదిలేసింది. మళ్ళీ మూశాడు. మళ్ళీ వదిలేసింది. గోడ అవతల కార్డు టపటపలాడుతున్న చప్పుడు ఇప్పుడు అందరికీ వినిపిస్తోంది, ఎందుకంటే ఎవరో మెషిన్లు ఆపేశారు.

"ఇక్కడ రీడరు బిగించిన రోజు గోడ వెనక చూసి రమ్మని మామయ్య నన్ను పంపాడు" అన్నాను. "నేను చూడలేదు. చూడకుండానే ఏమీ లేదని చెప్పాను. అది నా తప్పు. చిన్నది చాలంటే పెద్దదే కావాలన్నది మీరు. కూత తీసెయ్యమన్నది మీరు. కూత ఉండుంటే మొదటి రోజే తెలిసిపోయేది. నిన్న సాయంత్రం అన్నీ తెలిసి కూడా ఇప్పుడు కార్డు చెరిపెయ్యడానికి కూర్చున్నది మామయ్య. ఏ తప్పూ చెయ్యనిది మా అమ్మ ఒక్కతే. కాగితం మీద మాత్రం ఆమె నంబరే ఉంది."

అంత పొడుగు మాట నేను ఎప్పుడూ మాట్లాడలేదు.

మేనేజరు తడిసిన ప్యాంటు దులుపుకున్నాడు. మామయ్య వైపు చూసి, "సరేలే, అర్థమైంది. రేపటి నుంచి రమ్మను ఆవిణ్ణి" అన్నాడు.

"నేనిక్కడే ఉన్నాను సార్" అంది అమ్మ. "నాతో చెప్పండి."

"రేపు పనిలోకి రా అమ్మా. జరిగిందేదో జరిగింది."

"జరగలేదు సార్, మీరు చేశారు. అందరూ చూస్తుండగా ఆ కాగితం అంటించారు. అందరూ చూస్తుండగానే తీయండి."

తియ్యమన్నట్టు ఆయన ఇస్త్రీ పెద్దమ్మ వైపు చెయ్యి ఊపాడు. ఆమె చేతులు కట్టుకుంది.

"ఆవిడ అంటించలేదు కదా" అంది అమ్మ. "మీ చేత్తో తీయండి. ఆ దుప్పట్లు నేను తియ్యలేదని కూడా చెప్పండి. అది చెప్పకపోతే రేపు నేను రాను. ఈ కాగితం పట్టుకుని మీ పెద్ద ఆఫీసుకి వెళ్తాను, నా కూతురు వస్తుంది, అక్కడ కూడా ఇలాగే తలుపు లాగమంటుంది."

మేనేజరు కాగితం పట్టుకుని ఒక్క లాగు లాగాడు. "ఆవిడ తియ్యలేదు" అన్నాడు, గోడతో చెప్తున్నట్టు.

"వినపడలేదు సార్" అంది వెనక నుంచి ఎవరో.

"ఆవిడ ఏమీ తియ్యలేదు!"

అమ్మ ఏప్రను తీసుకుని కట్టుకుంది. రేపటి దాకా ఆగలేదు. కాగితం కింది మూల ఒకటి టేపుతో గోడకే ఉండిపోయింది, ఎర్ర గీత సగం కనిపిస్తోంది. అమ్మ దాన్ని గోటితో గీకి గీకి తీసి చెత్తబుట్టలో వేసి, అప్పుడు రోలరు దగ్గరికి వెళ్ళింది.

సాయంత్రం ఇంటికొచ్చాక అమ్మ అడిగింది.

"నిన్ననే నాకెందుకు చెప్పలేదే?"

"సిగ్గేసింది."

"సిగ్గు!" అమ్మ గిన్నె ఠక్కున కింద పెట్టింది. "ఆ సిగ్గుతోనే నన్ను సంతకం దాకా తీసుకెళ్ళావు. ఇంకోసారి నీకు సిగ్గేస్తే ముందు నాకు చెప్పి, తర్వాత పడు."



ఆ దుప్పట్ల మూటలు ఎవరు తీశారో ఇప్పటికీ తెలియదు. మామయ్య రీడర్ని ఇటుక గోడకి మార్చాడు, చిన్నది పెట్టాడు, కూత పెట్టాడు. మిగతా మూడు లాండ్రీల పని కూడా ఆయనకే వచ్చింది. తప్పు చిన్నపిల్లదని మేనేజరుతో సర్ది చెప్పుకున్నాడట. అమ్మతో మాత్రం ఇంతవరకు ఒక్క మాట అనలేదు. మా గుమ్మం ముందు నుంచి వెళ్ళేటప్పుడు ఫోను చెవికి పెట్టుకుంటాడు.

మొన్న పుస్తకం పట్టుకుని వచ్చాడు. "గుసగుసా, రెండొందల కార్డులున్నాయి, రాసిపెట్టాలి రావే."

"ముందు లోపలికెళ్ళి అమ్మతో మాట్లాడు."

"ఏం మాట్లాడాలి? అంతా బాగానే అయింది కదా."

"అక్కా, తెలిసి కూడా నీ కార్డు చెరపబోయాను అని. అంతే, ఎన్ని మాటలో లెక్కపెట్టుకో."

వెళ్ళలేదు. నంబర్లు తనే రాసుకుంటున్నాడు. నిన్న గడప మీద పుస్తకం తెరిచి ఉంటే చూశాను. ఆయన రాసిన ఏడు అచ్చం ఒకటిలా ఉంది. ఏమీ అనకుండా వచ్చేద్దామనుకున్నాను, రెండడుగులు వేశాను కూడా. కానీ వెనక్కి వెళ్ళాను.

"ఏడుకి అడ్డగీత పెట్టు మామయ్యా" అన్నాను, వీధిలోవాళ్ళు తిరిగి చూసేంత గట్టిగా. "లేకపోతే ఇంకెవరి అమ్మో ఇరుక్కుంటుంది."